కాలేయ పునరుద్ధరణలో కణ మాంసకృత్తుల మార్పులు: కొల్లేటి ప్రాంతపు గేదెలలో కార్జపు జలగ వ్యాధి దృష్ట్యా ఒక పరిశీలన

కొల్లేటికి దక్షిణాన ఉన్న ముదినేపల్లి మండలం వరిచేలకు, చేపల చెరువులకు పేరుపడింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేటిలో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి చేరుతుంది. వానకాలంలో విస్తరించి శీతాకాలం గడిచేకొద్దీ కుంచించుకుపోయే ఈ సరస్సు అంచులలోను, మురుగు కాలువల గట్ల వెంట, కోతలైన మాగాణులలోను పచ్చిక మిగిలే కాలమే గేదెల మేతకు అనువైన కాలం. నత్తలకూ అదే అనువైన కాలం. సంక్రాంతి దాటాక ఈ ప్రాంతపు పశువుల ఆసుపత్రులకు వచ్చే గేదెలలో కొన్నింటికి ఒళ్లు చిక్కి, వెంట్రుకలు బిరుసెక్కి, పాలు తగ్గి ఉంటాయి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. రోజంతా తల వంచి మేసి వచ్చిన సాయంత్రం ఈ వాపు ఎక్కువగా కనిపిస్తుంది. పేడలో జలగ గుడ్లు కనిపిస్తే రోగ నిర్ణయం పూర్తవుతుంది, మందు పడుతుంది.

చిక్కు ఆ తర్వాతనే మొదలవుతుంది. మందు పడి పది, పన్నెండు రోజులైనా దవడ కింది వాపు తగ్గదు. మందు పనిచేయలేదని తలచిన రైతు మరొక దుకాణంలో మరొక నట్టల మందు కొని పోయిస్తాడు. లేదా ఇక బాగుపడదని గేదెను సంతకు తోలుతాడు. నిజానికి జలగలు అప్పటికే చచ్చి ఉండవచ్చు, కాలేయం తనను తాను పునర్నిర్మించుకునే పనిలో ఉండవచ్చు. ఆ పని సాగుతున్నంత కాలం వాపు ఎందుకు నిలిచి ఉంటుందో తెలియాలంటే, దెబ్బతిన్న కాలేయ కణాలలో మాంసకృత్తులు ఏ క్రమంలో మారుతాయో తెలుసుకోవాలి.

ఈ క్రమాన్ని శాస్త్రజ్ఞులు ప్రధానంగా ఎలుకలలో చూశారు. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసివేసే శస్త్రచికిత్సా పద్ధతిని వివరంగా ప్రకటించారు. నేటికీ ఈ రంగంలో ప్రామాణిక ప్రయోగం అదే. ఏడు నుంచి పది రోజులలో కాలేయం దాదాపు పూర్వపు బరువుకు చేరుకుంటుంది. అయితే కోసిన తమ్మెలు తిరిగి మొలవవు. మిగిలిన తమ్మెలే పెరిగి లోటును పూరిస్తాయి. మూడింట ఒక వంతు మూడు వంతులు కావడానికి ఒక్కొక్క కణం సగటున రెండుసార్లు కూడా విభజన చెందనక్కరలేదు. లెక్కకు ఒకటిన్నర విభజనలు దాటితే చాలు. ఇందుకు ప్రత్యేకమైన మూలకణాల అవసరం సాధారణంగా రాదు. నిన్నటిదాకా ఆల్బుమిన్ తయారుచేస్తూ, అమ్మోనియాను యూరియాగా మారుస్తూ ఉన్న పరిణత కణాలే విభజనకు పూనుకుంటాయి. మరొక విశేషమేమంటే, విభజన చెందుతున్నా అవి పాత పని మానవు. మానితే పశువు బ్రతకదు. ఒకే కణం ఒకే సమయంలో ఇల్లూ కట్టాలి, సంసారమూ నడపాలి.

ఎలుక కాలేయంలో మార్పులు కోత పడిన నిమిషాలలోనే మొదలవుతాయి. నిర్వాహక సిర ద్వారా పేగుల నుంచి వచ్చే రక్తమంతా మిగిలిన కొద్దిపాటి కణజాలం గుండా ప్రవహించవలసి వస్తుంది. కణాల మధ్య అల్లికలో నిద్రాణంగా నిల్వ ఉన్న కాలేయ కణ వృద్ధి కారకాన్ని యూరోకైనేజ్ అనే ఎంజైము విడదీసి చైతన్యవంతం చేస్తుంది. కాలేయంలో కాపురముండే కుప్ఫర్ భక్షక కణాలు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత మాంసకృత్తులను స్రవిస్తాయి. ఈ సంకేతాలు అందగానే కాలేయ కణంలో అప్పటికే సిద్ధంగా ఉన్న ఎన్.ఎఫ్. కప్పా-బి, స్టాట్-3 అనే మాంసకృత్తులు క్రియాశీలమై కేంద్రకంలోకి ప్రవేశించి జన్యువులను మేల్కొల్పుతాయి. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఈ తొలి మార్పులకు కొత్త మాంసకృత్తుల తయారీ అవసరం లేదు. ఉన్న మాంసకృత్తులకే ఫాస్ఫేటు చేరడం, అవి చోటు మారడం చాలు. అందుకే అంత వేగం. ఆ తర్వాత గంట, రెండు గంటలలో ఫాస్, జున్, మిక్ అనే జన్యువుల ఉత్పత్తులు పెరుగుతాయి.

సంకేతం రక్తం ద్వారానే అందుతుందని 1967లో ప్రకటితమైన ఒక ప్రయోగం చూపింది. రెండు ఎలుకల రక్తప్రసరణలను కలిపి, ఒకదాని కాలేయాన్ని మాత్రమే కోసినప్పుడు, కోత పడని రెండవ ఎలుక కాలేయంలోనూ డి.ఎన్.ఏ. సంశ్లేషణ పెరిగింది.

తొలి గంటల తర్వాత కణం తన పనిముట్లను సమకూర్చుకుంటుంది. మాంసకృత్తులను తయారుచేసే యంత్రాలు రైబోసోములు. వాటిలోని ఎస్-6 అనే మాంసకృత్తుకు ఫాస్ఫేటు చేరుతుందన్న విషయం మొదట బయటపడినది పునరుద్ధరణ చెందుతున్న ఎలుక కాలేయంలోనే, 1974లో. ఎలుకలలో సుమారు పన్నెండు గంటల వేళకు సైక్లిన్ డి-1 స్పష్టంగా పెరుగుతుంది. అక్కడితో కణం విభజనకు కట్టుబడినట్లే. తరువాత సైక్లిన్ ఇ, సైక్లిన్ ఏ వంతున వస్తాయి. డి.ఎన్.ఏ. ముడిసరుకును అందించే థైమిడిన్ కైనేజ్, రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ ఎంజైములు పెరుగుతాయి. సుమారు 24 గంటలకు డి.ఎన్.ఏ. సంశ్లేషణ శిఖరానికి చేరి, మరి ఆరు నుంచి ఎనిమిది గంటలకు కణ విభజన కనిపిస్తుంది. కుక్కలో ఇదే శిఖరం మూడవ రోజుకు గాని రాదు. జంతువు పెద్దదైనకొద్దీ క్రమం అదే, నడక మాత్రం నెమ్మది.

డి.ఎన్.ఏ. సంశ్లేషణకు ఫోలిక్ ఆమ్లం అనివార్యం. కొల్లేటికి అంత దూరం కాని భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల బృందం ఈ విటమినును వేరుచేసి సంశ్లేషించింది. దాన్ని వేరుచేయడానికి ఉపయోగించిన పదార్థాలలో కాలేయం కూడా ఒకటి కావడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. గేదె విషయంలో ఈ విటమిను కొరత గురించి సాధారణంగా బెంగపడనక్కరలేదు, పొట్టలోని సూక్ష్మజీవులే దాన్ని తయారుచేస్తాయి. కాని ఆ సూక్ష్మజీవులు పనిచేయాలంటే గేదె మేత తినాలి. కార్జపు జబ్బులో మొదట పడిపోయేది ఆకలే.

కాలేయం బరువు పెరగడమంటే కొత్త మాంసకృత్తుల తయారీ పెరగడమేనని అనుకోవడం సహజం. అది సగం నిజమే. సాధారణ స్థితిలో కాలేయ కణం తాను తయారుచేసిన మాంసకృత్తులను తానే నిత్యం విచ్ఛిన్నం చేసుకుంటూ ఉంటుంది. పునరుద్ధరణ కాలంలో ఈ విచ్ఛిత్తి బాగా మందగిస్తుంది. పెరుగుదలలో గణనీయమైన భాగం ఈ పొదుపు వల్లనే సమకూరుతుంది. చిన్న ఎలుకలలో 1970ల దశకంలో జరిగిన కొలతలు ఈ విషయాన్ని స్పష్టపరచాయి. కొత్త ధాన్యం రాకముందే గాదెలోనిది ఆచితూచి వాడుకునే గృహస్థు పద్ధతి ఇది.

ఈ పొదుపులోనే గేదె దవడ కింది వాపుకు మొదటి కారణం దాగి ఉంది. కాలేయ కణపు పరిణత స్వభావాన్ని నిలిపే సి/ఇ.బి.పి.-ఆల్ఫా అనే నియంత్రక మాంసకృత్తు ఆల్బుమిన్ వంటి జన్యువులను నడుపుతుంది, అదే సమయంలో విభజనను అదుపులో ఉంచుతుంది. పునరుద్ధరణ మొదలు కాగానే అది తగ్గి, దాని సోదర మాంసకృత్తు బీటా పెరుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతం మరొక పని కూడా చేయిస్తుంది. గాయం వేళ అవసరమైన హాప్టోగ్లోబిన్, సీరమ్ అమిలాయిడ్-ఏ, ఫైబ్రినోజెన్‌ల తయారీని పెంచి, ఆల్బుమిన్‌ను వెనుకకు నెడుతుంది. ఎలుక కాలేయంలో ఆల్బుమిన్ తయారీ పూర్తిగా ఆగదు, అది నిజమే. కాని రక్తంలో దాని లోటును వెంటనే భర్తీ చేయగల స్థితిలో కణం ఉండదు. శుభ్రమైన కోత పడిన కాలేయంలోనే ఇట్లా ఉంటే, నెలల తరబడి తొలుచుకుపోయిన కాలేయం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన ప్రాంతపు పశువులలో ప్రధానంగా కనిపించేది ఫాసియోలా గిగాంటికా అనే పెద్ద జలగ. దాని పొడవు 25 నుంచి 75 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. లిమ్నేయా జాతి నత్తలో పెరిగిన దాని డింభకాలు నీటిలోకి వచ్చి, గడ్డి పోచలపైన, నీట మునిగిన వరి దుబ్బులపైన గుండ్రని కోశాలుగా అంటుకుంటాయి. పశువు వాటిని మింగగానే పిల్ల జలగలు పేగు గోడను తొలుచుకుని ఉదరకుహరంలోకి వచ్చి, కాలేయపు పైపొరను చీల్చుకుని లోపల ప్రవేశిస్తాయి. అక్కడ కణజాలాన్ని తింటూ, సొరంగాలు చేస్తూ వారాల తరబడి తిరిగి చివరకు పైత్యరస నాళాలలో స్థిరపడతాయి. కోశాన్ని మింగిన నాటి నుంచి పేడలో గుడ్లు కనిపించేదాకా సుమారు మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలూ పేడ పరీక్ష ఏమీ చెప్పదు.

ఎలుక ప్రయోగానికి, ఈ జబ్బుకు మధ్య భేదం ఇక్కడే స్పష్టమవుతుంది. ఎలుకలో గాయం ఒక్కసారే పడి ముగుస్తుంది. మిగిలిన కణజాలపు అల్లిక చెక్కుచెదరదు. జలగ వ్యాధిలో ఒక చోట పునరుద్ధరణ సాగుతుండగానే పక్క చోట కొత్త సొరంగం పడుతుంది. మేల్కొల్పే సంకేతాలు ఆగవు, వాటితోపాటు ఆపే సంకేతాలూ ఆగవు. శుభ్రమైన కోతలో కాలేయం పూర్వపు పరిమాణానికి వచ్చే వేళకు టి.జి.ఎఫ్.-బీటా, యాక్టివిన్ అనే మాంసకృత్తులు విభజనను నిలుపుచేస్తాయి. అదే టి.జి.ఎఫ్.-బీటా దీర్ఘకాలం అధికంగా ఉంటే, కాలేయంలోని నక్షత్రాకార కణాలను కొల్లాజెన్ తయారీకి పురికొల్పుతుంది. పొలం గట్టు వేయడానికి తెచ్చిన మట్టి పొలమంతా పరచుకున్నట్లు, కణాలు ఉండవలసిన చోట నారపోగులు నిండిపోతాయి. ఆ చోట తర్వాత ఎంత మేపినా కణాలు మొదటి అమరికలో తిరిగి కుదురుకోవడం కష్టం.

పైత్యరస నాళాలలో మరొక చిత్రం కనిపిస్తుంది. జలగలు ప్రోలిన్ అనే ఎమైనో ఆమ్లాన్ని పెద్ద మొత్తంలో విసర్జిస్తాయి. కొల్లాజెన్ నిర్మాణంలో ప్రోలిన్ ముఖ్యమైన ముడిసరుకు. నాళపు గోడలు దళసరెక్కి, లోపలి పొర కణాలు విపరీతంగా పెరగడానికి ఈ ప్రోలిన్ దోహదం చేస్తుందని ప్రయోగాలు చూపాయి. గేదె కాలేయాన్ని కోసి చూసినప్పుడు తెల్లగా, గొట్టాలవలె ఉబ్బి కనిపించేవి ఈ నాళాలే.

నాళాలలో చేరిన పెద్ద జలగలు రక్తం పీలుస్తాయి. గొర్రెలలో, ఇదే కుటుంబానికి చెందిన చిన్న జాతి జలగపై జరిగిన కొలతలలో ఒక్కొక్క జలగ వల్ల రోజుకు 0.2 నుంచి 0.5 మిల్లీలీటర్ల రక్తం పోతుందని తేలింది. ఆ లెక్కన నూరు జలగలున్న కాలేయం నుంచి రోజుకు 20 నుంచి 50 మిల్లీలీటర్లు పోతుంది. ఆ రక్తంతోపాటు ఆల్బుమిన్ కూడా పైత్యరసం వెంట పేగులోకి కారిపోతుంది. వాపుకు రెండవ కారణం ఇది. దీర్ఘకాలిక వ్యాధిలో ఇదే పెద్ద కారణం. రక్తనాళాలలో నీటిని పట్టి ఉంచేది ముఖ్యంగా ఆల్బుమిన్. అది తరిగితే నీరు బయటికి ఊరి, వదులుగా ఉండే దవడ కింది చర్మంలో చేరుతుంది. ఇదే సమయంలో రోగనిరోధక గ్లోబులిన్‌లు పెరుగుతాయి కనుక రక్తంలోని మొత్తం మాంసకృత్తులను మాత్రమే కొలిస్తే అంకె మామూలుగానే కనిపించి మోసగించవచ్చు. ఆల్బుమిన్‌ను, గ్లోబులిన్‌లను విడివిడిగా చూడాలి.

మందు తర్వాత వాపు నిలవడానికి మూడవ కారణం కాలానికి సంబంధించినది. పశువుల రక్తంలో ఆల్బుమిన్ అర్ధాయువు రెండు వారాలకు పైబడి ఉంటుంది. దీర్ఘాయువు గల మాంసకృత్తు నిల్వ నెమ్మదిగా తరుగుతుంది, నెమ్మదిగానే నిండుతుంది. జలగలు చచ్చి కారుదల ఆగిన రోజున కాలేయంలో పని ఇంకా మిగిలే ఉంటుంది. నాళాల పుండ్లు మానాలి, తాపసంకేతాలు తగ్గాలి, కణాలు విభజన పని ముగించుకుని ఆల్బుమిన్ పనికి పూర్తిగా మళ్లాలి. ఆ తర్వాత కూడా రక్తంలో నిల్వ నిండడానికి వారాలు పడుతుంది. కనుక పన్నెండవ రోజున దవడ కింది వాపును చూసి మందు గుణాన్ని నిర్ణయించడం తొందరపాటే.

మరి దేన్ని చూసి నిర్ణయించాలి? కాలేయ కణాల మైటోకాండ్రియాలో ఉండే గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైము పిల్ల జలగలు కణజాలాన్ని తొలిచే దశలో రక్తంలో పెరుగుతుంది. గామా గ్లుటమైల్ ట్రాన్స్‌ఫరేజ్ నాళాలు దెబ్బతిన్న దశను తెలుపుతుంది. గాయం ఆగితే మొదట తగ్గేది మొదటి ఎంజైమే. రెండవది అంతకంటె నిదానం, ఆల్బుమిన్ అన్నింటికన్న కడపట. పరీక్షా సౌకర్యం లేని చోట పేడ పరీక్ష ఉన్నది, కాని అది కూడా మందు వేసిన మూడు నాలుగు వారాల తర్వాత చేయించాలి. జలగలు చచ్చినా పిత్తాశయంలో నిలిచిన గుడ్లు కొంతకాలం పేడలో వస్తూనే ఉంటాయి. ఆకలి, నెమరు తిరిగి రావడం అంతకుముందే రైతు కంటికి కనిపించే గుర్తులు. దవడ కింద నీరు దిగడానికి రక్తం పీల్చే ఇతర నట్టలు, పేగులోని పిల్ల పొట్ట జలగలు కూడా కారణం కావచ్చు కనుక, వాపు ఒక్కటే చూసి కార్జపు జలగ అని తేల్చడమూ సరికాదు.

మందు ఎంపికలో జలగ వయస్సు ముఖ్యం. ఆక్సిక్లోజనైడ్ నాళాలలో చేరిన పెద్ద జలగలపైన పనిచేస్తుంది, కణజాలంలో తిరిగే పిల్లలపైన చాలదు. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలపైన కూడా పనిచేస్తుంది, కాని పాలిచ్చే గేదెలలో దాని వాడకానికి పరిమితులున్నాయి. ఈ నిర్ణయాన్ని పశువైద్యుడికే విడవడం మంచిది. మొదటి మందు నిజంగా విఫలమైన చోట అత్యధికంగా కారణం ఇదే: పిల్ల జలగలున్న దశలో పెద్ద జలగల మందు పడడం. ఆ సందర్భంలో రెండవ మందు న్యాయమే. అంతేగాని వాపు నిలిచిందన్న ఒక్క కారణంతో మందు మీద మందు పోయడం, విభజన పనిలో ఉన్న కణాలపై మరొక భారం మోపడమే. మందులను శుద్ధిచేసే పని కూడా ఆ కణాలదే కదా. 1920ల దశకంలో గొర్రెలలో జలగల నివారణకు కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడుకలోకి వచ్చింది. అదే రసాయనం నేడు కాలేయాన్ని దెబ్బతీసి పునరుద్ధరణను పరిశీలించడానికి ప్రయోగశాలలలో వాడే ప్రామాణిక విషం. వెనుకటి తరం పశువైద్యులు పశువులకు దాన్ని ఇవ్వడానికి ఎందుకు జంకేవారో దీనివల్ల తెలుస్తుంది.

మేత విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు కోలుకుంటున్న గేదెను వట్టి వరిగడ్డి మీద నిలపడం. వరిగడ్డిలో మాంసకృత్తులు అతి తక్కువ. కణం ఎంత పొదుపు చేసినా ఎమైనో ఆమ్లాలు లేకుండా సైక్లిన్‌లు, రైబోసోములు, ఆల్బుమిన్ ఏవీ తయారుకావు. డెల్టాలో వరి తర్వాత పొలాలలో వేసే పిల్లిపెసర ఈ కాలానికే చేతికి వస్తుంది. మినుము నూర్చిన తర్వాత మిగిలే కట్టె, పొట్టు కూడా ఉన్నాయి. తవుడుతోపాటు చెక్క కొద్దికొద్దిగా మొదలుపెట్టి ఆకలి పెరిగినకొద్దీ పెంచవచ్చు.

చెక్క అనగానే ఒక హెచ్చరిక అవసరం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు కారణం బూజు పట్టిన వేరుశనగ పిండి అని తేలింది. అందులోని విషాన్నే తర్వాత అఫ్లాటాక్సిన్ అన్నారు. కాలేయ కణంలోని ఎంజైములే ఈ విషాన్ని చురుకైన రూపానికి మార్చగా, అది డి.ఎన్.ఏ.కు అంటుకుని కణం విభజన చెందకుండా అడ్డుపడుతుంది. కాలేయ కణాలు పెరగలేని స్థితిలో వాటికి బదులుగా పైత్యరస నాళపు కణాలు పెరుగుతాయి. బాతు పిల్లలలో ఈ లక్షణం ఎంత తీవ్రమంటే, ఒకప్పుడు దాణాలో ఈ విషాన్ని గుర్తించడానికి బాతు పిల్లల కాలేయాన్నే పరీక్షా సాధనంగా వాడారు. కొల్లేటి ప్రాంతంలో బాతుల మందలు కొత్త కావు కనుక ఈ సంగతి వాటి పెంపకందార్లకూ అవసరమే. కోలుకుంటున్న గేదెకు బూజు వాసన తగిలిన చెక్క పెట్టడం, ఒక చేత్తో ముడిసరుకు ఇచ్చి మరొక చేత్తో కర్మాగారాన్ని మూసివేయడం వంటిది. వానకాలంలో తడిసిన బస్తాలోని చెక్కను ఎండబెట్టినా విషం పోదు.

చివరగా, మందు పడిన గేదె తిరిగి అదే రొచ్చులో మేస్తే పునరుద్ధరణ క్రమం మళ్లీ మొదటి అంకె నుంచి లెక్కపెట్టవలసి వస్తుంది. నీట నిలిచిన వరిదుబ్బు అడుగు భాగానే కోశాలు ఎక్కువగా ఉంటాయి కనుక, ముంపు పొలాల గడ్డిని కాస్త ఎత్తున కోసి, రెండు మూడు రోజులు మంచి ఎండలో పరచి వామి వేయాలి. నత్తలను తినే బాతులను కోతలైన పొలాలలో వదలడం ఇక్కడివారికి తెలిసిన పద్ధతే. తాగునీటికి మురుగు కాలువకు తోలకుండా ఇంటి వద్ద తొట్టిలో నీరు పోయాలి. దవడ కింది వాపు కొలతను మందు వేసిన నాడు ఒకసారి, ఆపైన వారానికి ఒకసారి తాడుతో చూసి గోడమీద గీసి ఉంచితే, ఐదారు వారాలకు ఆ గీతలే పశువైద్యునికి చూపవలసిన లెక్క.